భారతి టీచర్ వీడియో పాఠాలు

"పెండ్లి ఎప్పుడు మేడమ్?"

వానలో తడిసిన గొడుగు మూస్తూ షాపులోకి వచ్చిన అమ్మాయిని రాంచందర్ అడిగిన మొదటి మాట అది. హనుమకొండ చౌరస్తాలో అతనిది వీడియో షాపు. పెళ్లిళ్లు తీస్తాడు, వీసీఆర్ కిరాయికి ఇస్తాడు. గుమ్మం ఎక్కిన వాళ్లందరినీ అతను అడిగే ప్రశ్న ఇదే.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "పెండ్లి కాదు. లెక్కలు."

"లెక్కలా?"

"పదో తరగతి లెక్కలు. వీడియో చెయ్యాలె."

ఆమె పేరు భారతి. దగ్గర్లోని బాలికల హైస్కూల్లో లెక్కల టీచర్. ఆ ఏడే, అంటే 1986లో, స్కూలుకు ఒక కంప్యూటర్ వచ్చింది. మీట నొక్కితే తెర మీద గ్రాఫు తనంతట తానే గీసుకుంటూ పోయేది. కానీ ఆ చిన్న తెర చుట్టూ క్లాసంతా మూగితే, వెనకున్న పిల్లలకు ముందువాళ్ల జడలు తప్ప ఇంకేమీ కనబడేవి కావు. తెర మీద కదిలేదంతా క్యాసెట్‌లోకి ఎక్కించి, తన మాట జోడించి, హాల్లో పెద్ద టీవీ మీద చూపించాలని ఆమె ఆలోచన.

"కెమెరాతోని తీస్తే తెర మీద చారలు పడ్తయ్," అన్నాడు రాంచందర్. "కంప్యూటర్ వైరును సీదా వీసీఆర్‌కు కలుపుదాం. మీరు మైకుల మాట్లాడుండ్రి."

"అయితదా?"

"కాకపోతే మీ పెండ్లి వీడియో ఫ్రీ."

భారతి నవ్వలేదు.

బడి వదిలాక కంప్యూటర్ గదిలో రోజూ పని జరిగేది. బయట వాన, లోపల ఆమె గొంతు. "ఈ గీత ఎటు వంగుతున్నదో చూడండమ్మా. కాసేపు ఆగి, మీరే చెప్పండి," అనేది మైకులో. వీసీఆర్ దగ్గర కూర్చున్న రాంచందర్‌కు లెక్కలంటే చిన్నప్పటి నుంచి భయం. అయినా ఆ గీత ఎటు వంగుతుందో అని అతనూ ఎదురుచూసేవాడు. గీత కంటే ఎక్కువగా ఆమెనే చూస్తున్నానని తెలిసి తల తిప్పుకునేవాడు.

చిక్కల్లా దగ్గుతో వచ్చింది. ఆమె రెండు వాక్యాలు చెప్పేది, గొంతు పట్టేసేది. మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ మొదలు. ఒక సాయంత్రం పెళ్లివాళ్లు షాపు దగ్గర కాచుకుని ఉన్నారన్న తొందరలో రాంచందర్ నోరు జారాడు.

"గొంతు బాగలేనప్పుడు ఇంకో టీచర్‌తోని చెప్పియ్యరాదుండ్రి మేడమ్?"

భారతి మైకు కింద పెట్టింది. గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది.

గది ఊడ్చడానికి వచ్చిన ఆయా యాకమ్మ అతన్ని నిలేసింది. "ఏం మాటన్నవ్ బిడ్డా? ఆమె గొంతుల గడ్డ లేసింది. హైదరాబాద్ల ఆపరేషన్ చేపిస్తాండ్రు. ఎనుకటి గొంతు వస్తదో రాదో డాక్టరే చెప్పలేనన్నడట. అందుకే గింత పరేషాన్ అయితాంది, పిల్లల పాఠాలు ఆగద్దని."

మర్నాడు రాంచందర్ బడి గేటు దగ్గరే నిలబడ్డాడు. "తప్పయింది మేడమ్. ఎన్నిసార్లు ఆగినా ఫికర్ లేదు. నేనుంట."

ఆమె అతని చేతిలోని తన గొడుగు అందుకుంది. "పెండ్లోళ్లో?"

"వాళ్లకు మా తమ్ముడున్నడు."

పాఠాలు పూర్తయ్యాయి. భారతి హైదరాబాద్ వెళ్లింది. హాల్లో క్యాసెట్ నడిపే పని రాంచందర్‌దే అయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. గాలి కదిలినంత చప్పుడే మిగిలింది. ఆమెకు కుదిరిందనుకున్న పెళ్లి సంబంధం వాళ్లు సంగతి తెలిసి మొహం చాటేశారు. అది విని రాంచందర్ నేరుగా భారతి ఇంటికి వెళ్లాడు. ఆమె తండ్రి, బట్టల వ్యాపారి లింగమూర్తి, కూతురినీ అతన్నీ ముందు గదిలో కూర్చోబెట్టి, తాను వాకిట్లోకి జరిగాడు.

"నాకు మీరంటే ఇష్టం. పెండ్లి చేసుకుంట," అన్నాడు రాంచందర్.

భారతి గుసగుసగా అంది. "వాళ్లు గొంతు లేదని పోయిండ్రు. మీరు గొంతు లేదని వచ్చిండ్రు. రెండూ నాకొద్దు."

అయినా అతను లేవలేదు. "నా మాట ఇడిసిపెట్టుండ్రి. బడికైతే రాండ్రి. పిల్లలు టీవీ దిక్కు చేతులెత్తి ప్రశ్నలడుగుతాండ్రు. టీవీ చెప్పది, నాకు రాదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం ఆమె హాల్లోకి వచ్చింది. క్యాసెట్ నడుస్తోంది. ఒక పిల్ల చెయ్యెత్తింది. భారతి మీట నొక్కి బొమ్మ ఆపింది. తెర మీది గీతను వేలితో చూపిస్తూ, ఉన్నంత గొంతుతోనే జవాబు చెప్పింది. ఎప్పుడూ గోల చేసే ఆ క్లాసు ఆమె మాట కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి. ఆ గంటలో ముప్పాతిక భాగం క్యాసెట్ ఆగే ఉంది.

పిల్లలు వెళ్లాక ఆమె రాంచందర్ దగ్గరికి వచ్చింది. "బడిల క్యాసెట్ మాట్లాడ్తది. ఇంట్ల ఎట్ల?"

"ఇంట్ల క్యాసెట్ ఎందుకు? దగ్గరకొచ్చి వింట."

"జాలి కాదు గదా?"

"జాలైతే క్యాసెట్లు ఇచ్చి పోయేటోన్ని. నీతోని తిట్లు తిందామని రోజూ ఎందుకొస్త?"

అతను మొదటిసారి నువ్వు అన్నాడు. ఆమె ఈసారి నవ్వింది.

ఆ ఆదివారం రాంచందర్ తండ్రి మార్కండేయులు కొత్తవాడ నుంచి కొడుకును వెంటబెట్టుకుని లింగమూర్తి ఇంటికి వచ్చాడు. జంపఖానాలు నేసే మనిషి. లింగమూర్తి ఏదీ దాచలేదు. "బావా, మా పిల్ల గొంతు ఇగ ఇట్లనే ఉంటదేమో. రేపు మీ ఇంట్ల ఎవరన్న మాటంటే నేను తట్టుకోలే."

ఇంకా నిలబడే ఉన్న మార్కండేయులు పెద్దగా నవ్వాడు. "మగ్గాలు ఆడుతుంటే మా ఇంట్ల ఎవ్వరి మాట ఎవ్వరికి ఇనపడ్తది? నేనూ నా పెండ్లామూ ఇన్నేండ్లు చేతులతోనే మాట్లాడుకున్నం. గిట్లంటే బువ్వ పెట్టు. గిట్లంటే జర కూసో." చేతులు తిప్పి చూపించాడు. "గిది నేర్చుకుంటె చాలు కోడలు పిల్ల."

లింగమూర్తి పై కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న భారతి ముందుకు వచ్చింది. ఆయన చూపించినట్టే చెయ్యి తిప్పి, కూర్చోమంది. మార్కండేయులు బుద్ధిగా కూర్చున్నాడు.