బానెట్ మీద సొట్ట

1984 వేసవి. నూజివీడు రోడ్లన్నీ మామిడికాయల లారీలతో నిండిపోయిన రోజులు. మైలవరం రోడ్డు పక్కన రాఘవయ్య పెయింటు షెడ్డులో మాత్రం ఒక్క లారీ కూడా లేదు. ఉన్నదల్లా ఒక పాత అమెరికా కారు. రెండే తలుపులు, మంచమంత బానెట్. మామిడి వర్తకుడు శేషగిరిరావు దాన్ని మద్రాసులో కొని, ఇంజను విప్పించి బాగుచేయడానికి బెజవాడ పంపి, బాడీ పని రాఘవయ్యకి అప్పగించాడు.

ఊరికే మెరిస్తే చాలదన్నాడు. కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలట. ఫొటోల పుస్తకం కూడా ఇచ్చాడు. తలుపుల అడుగున కంపెనీ వాళ్లు తుడవకుండా వదిలేసిన పెయింటు బొట్లు, కిందవైపు రెడాక్సైడ్ పూత మీద పడ్డ ఎర్ర తుంపర, అన్నీ ఉండాలి. ఇరవై ఏళ్లుగా లారీలకి రంగులేసిన రాఘవయ్యకి అలాంటి పని దొరకడం అదే మొదలు. అన్నం తింటున్నా ఆ కారు ఎరుపే కళ్లలో మెదిలేది.

సొట్టలు తీసే పని చెల్లెలు పద్మ మొగుడు బుచ్చయ్యది. పాత రంగు గీకుతుంటే బానెట్ ముందు భాగంలో మందంగా లప్పం బయటపడింది. వేడిచేసి ఊడదీశాడు. లోపల మనిషి తల పట్టేంత సొట్ట. లప్పంతో పాటు ఏదో టక్కున నేలమీద పడింది.

పన్ను. మనిషి పన్ను.

"బావా, ఇది ఎవరినో చంపిన బండి. మనకొద్దు," అన్నాడు బుచ్చయ్య మెల్లగా.

రాఘవయ్య వెళ్లి శేషగిరిరావుకి చెప్పాడు.  ఆయన, కంపెనీలో సొట్ట లేదు కదా, తీసేయమన్నాడు. రాఘవయ్య ఆ పన్నును కాగితంలో చుట్టి కాలవలో పారేశాడు.

బుచ్చయ్య రేకును చదును చేశాడు. తెల్లారేసరికి సొట్ట మళ్లీ ఉంది. మళ్లీ కొట్టాడు. మర్నాడు ఇంకాస్త లోతుగా ఉంది. వేలు పెడితే తడి. పచ్చినెత్తురు వాసన. ఇక ముట్టుకోనన్నాడు బుచ్చయ్య. ఇలాంటి పని జన్మలో మళ్లీ రాదని రాఘవయ్య అతని గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఆఖరిసారి అని బుచ్చయ్య ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం దుమ్ము పడకుండా షెడ్డు తలుపులు మూసి, తడి గోనెసంచులు వేలాడదీశారు. థిన్నరు వాసనతో లోపల ఊపిరాడడం లేదు. చదును చేసిన చోట రాఘవయ్య ఎరుపు కొట్టాడు. స్ప్రే గన్ను కడగడానికి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. రంగు కారుతుందేమో చూడటానికి బుచ్చయ్య బల్బు పట్టుకుని కారు ముందు, గోడవైపు నిలబడ్డాడు.

ధడ్...

మళ్లీ కొడుతున్నాడా? తడిరంగు మీదా? కేకేయబోయిన రాఘవయ్య కాలికి ఏదో తగిలింది. బుచ్చయ్య సుత్తి. బయటే ఉంది.

ధడ్...

తలుపు తోసుకుని లోపలికి దూకాడు. చక్రాల కింద పెట్టిన ఇటుకలు పిండిపిండిగా ఉన్నాయి. ఇంజను లేని కారు దానంతటదే వెనక్కి వస్తోంది. గోడకి బుచ్చయ్య అంటుకుని ఉన్నాడు. ముఖం ముఖంలా లేదు.

"బావా... లాగు..."

కారు మళ్లీ గోడవైపు కదిలింది. రాఘవయ్య వెనక బంపరు పట్టుకుని వేలాడాడు. కాళ్లు నేలమీద ఈడ్చుకుపోయాయి. భుజం కీలు ఊడింది. కారు ఆగలేదు. ఎముకలు విరిగిన చప్పుడు ఈసారి దగ్గర నుంచి విన్నాడు. ఒకసారి కాదు... గోడ పెళ్ల ఊడిపడేదాకా.

జీపులో ఆసుపత్రికి చేరకముందే బుచ్చయ్య పోయాడు. నేల వాలుగా ఉంది, ఇటుకలు జారాయి అని రాసుకుపోయారు పోలీసులు. చావుబతుకుల్లో బుచ్చయ్య ఆ బానెట్‌ని గోళ్లతో రక్కడం రాఘవయ్య కళ్లారా చూశాడు. దాని మీద గీత లేదు, సొట్ట లేదు. అద్దంలా ఉంది. పద్మ ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు.

పదకొండో రోజు శేషగిరిరావు మనుషులు కారును బయటికి తోశారు. కట్టు కట్టిన చేత్తో రాఘవయ్య డ్రైవరు తలుపు తీసి చూశాడు. కొత్త సీటు మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా విప్పలేదు. ఇప్పటిదాకా అందులో ఎవరూ కూర్చోలేదు. ఆ తొడుగు మనిషి కూర్చున్నంత లోతుగా నొక్కుకుపోయి ఉంది.

చూస్తుండగానే అది గరగరమంటూ నెమ్మదిగా పైకి లేచింది... ఎవరో దిగుతున్నట్టు.

తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నది రాఘవయ్య ఒక్కడే.