ఆరూ రెండూ, నాలుగూ నాలుగూ

"మధ్యాహ్నం పన్నెండింటికి నగరంలో ఎక్కడో బాంబు పేలుతుంది," అన్నాడు గూఢచారి శాఖ పెద్దాయన. "ఎక్కడన్నది బాంబు పెట్టిన ముఠా గదిలోని డిస్కులో ఉంది. దాన్ని ఇనుప బీరువాకి బిగించారు. ఊడదీస్తే డేటా మొత్తం చెరిగిపోతుంది."

"అయితే కంప్యూటరే అక్కడికి వెళ్ళాలి," అన్నాడు ఏజెంట్ మౌని.

"ముక్కలుగా. రిపేరువాడి వేషంలో. పార్టులన్నీ మీ ఆవిడ సర్దేసింది."

డిపార్ట్‌మెంట్లో హార్డ్‌వేర్ అంటే ఆవిడే. అందరూ మెరుపు అని పిలుస్తారు. ఆమె నడిచొస్తే ఫైళ్ళలో మునిగినవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. అలాంటి మనిషి తనని ఏం చూసి చేసుకుందో ఆరేళ్ళయినా మౌనికి అంతుపట్టలేదు.

పదకొండుంపావు. మూడో అంతస్తు తలుపు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"ఏం పని?"

"ఫ్యాను మొరాయిస్తోందట."

"శబ్దమా, గాలా?"

"రెండూ."

పెద్దాయన సంపాదించిన ముఠా కోడ్ సరిపోయింది. మౌని లోపలికి వెళ్ళి గడియ పెట్టి, సంచి విప్పాడు. బోర్డు, ప్రాసెసర్, మెమరీ, డిస్కుకి వేసిన రహస్య తాళం విప్పే లెక్కలు చేయాల్సిన గ్రాఫిక్స్ కార్డు. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో మెరుపు గొంతు ఒక్కో మెట్టూ ఎక్కిస్తోంది.

"ఇప్పుడు ప్రాసెసర్‌కి కరెంటు. బోర్డు పై మూలలో ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటుంది. కేబుల్‌కి లేబుల్ అంటించాను చూడు."

రెండు కేబుళ్ళు. రెండూ నలుపే, రెండింటికీ ఎనిమిదేసి రంధ్రాలు, అచ్చం కవలలే. ఒకదాని మీద ఆమె గుండ్రటి అక్షరాల్లో 'ప్రాసెసర్', రెండోదాని మీద 'కార్డు'. మొదటిది తీసి పెట్టాడు. సగంలోనే ఆగిపోయింది.

"దిగట్లేదు."

"కొత్త బోర్డు కదా, బిగుతుగా ఉంటుంది. గట్టిగా నొక్కు."

మౌని చేయి ఆగిపోయింది. పెళ్ళైన కొత్తలో భోజనాల బల్ల మీద ఇలాంటి కేబుళ్ళే పరిచి ఆమె నేర్పింది. చివర నాలుగూ నాలుగుగా విడిపోతే ప్రాసెసర్‌ది, ఆరూ రెండుగా విడిపోతే కార్డుది. ఒకదాని చోట ఇంకోటి తోస్తే షార్టయి అంతా బూడిదే. 'బలవంతం చేయాల్సి వచ్చిందంటే తప్పు కేబుల్ పట్టుకున్నావని అర్థం' అని తల మీద మొట్టింది కూడా.

కేబుల్ బయటికి లాగి చూశాడు. ఆరూ రెండు.

ఆమె మందు సీసాలకి కూడా తేదీ రాసి అంటించే మనిషి, లేబుళ్ళు తారుమారు చేయదు. అయినా పొరపాటేనేమో అని అతని ప్రాణం కొట్టుకుంది. ఆమెకి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు.

"దీని చివర ఆరూ రెండుగా విడిపోతోందే?"



"అదే. నొక్కెయ్."

ఇది పొరపాటు కాదు. చప్పుడు చేయకుండా రెండు కేబుళ్ళూ మార్చి పెట్టాడు. టక్కుమని మెత్తగా దిగాయి.

"దిగింది. స్విచ్ వేస్తున్నా."

"వెయ్యి." ఆ వెంటనే మళ్ళీ అంది. "మౌనీ, కొంచెం వెనక్కి జరిగి వెయ్యి."

ఆ ఒక్క మాటకి అతనికి ఏడుపు ఆగలేదు. పని తగలబెట్టాలి కానీ మొగుడి చేయి కాలకూడదు. ఆమె తనని ప్రేమించిందన్న సంగతి ఇంతకన్నా నీచమైన సమయంలో తెలియడానికి లేదు.

స్క్రీన్ వెలిగింది. గ్రాఫిక్స్ కార్డు డిస్కు తాళం మీద పని మొదలెట్టింది.

"ఏమైంది?" అందామె.

"నల్లగా ఉంది."

"బోర్డు పోయినట్టుంది. వచ్చెయ్."

"వస్తా. అందాకా ఏదైనా మాట్లాడుతూ ఉండు."

ఆమె మాట్లాడింది. వంటింటి కుళాయి కారుతోందని, కర్టెన్లు మార్చాలని. ఊఁ కొడుతూనే మౌని పెద్దాయనకి మెసేజ్ పెట్టాడు: 'మెరుపు ఆ ముఠా మనిషే. ఆమె గది ముందు కాపలా పెట్టండి.'

పన్నెండుకి పది నిమిషాలుండగా తాళం విడిపోయింది. నాలుగో బస్ డిపో, డీజిల్ ట్యాంకు కింద. చిరునామా పంపాడు. తొమ్మిది సెకన్లు మిగిలుండగా అక్కడికి చేరిన దళం బాంబు వైరు కత్తిరించింది.

ఇయర్‌పీస్‌లో తలుపు బద్దలైన చప్పుడు, బూట్ల చప్పుడు వినిపించాయి.

"ఎందుకు?" అన్నాడు మౌని.

"వాళ్ళు నాకు నీకన్నా ముందు పరిచయం," అందామె. తర్వాత లైను తెగింది.

సాయంత్రం ఆఫీసులో రిపోర్టు ఫారం నింపాడు. 'పట్టుబడిన ద్రోహి' అన్న గడిలో నా భార్య అని రాశాడు. 'సాంకేతిక సహకారం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, అక్కడా నా భార్య అనే రాశాడు.

గుమస్తా చదివి, పాపం దుఃఖంలో ఒకే మాట రెండుసార్లు రాశాడనుకుని, రెండోది కొట్టేశాడు.