చేపల వెనక మార్త

"బొమ్మ మీద ఉమ్మేస్తున్నారేంటండీ?"

మ్యూజియం గైడు అరిచిన అరుపుకి స్టూలు మీదున్న అమ్మాయి ఉలిక్కిపడనైనా లేదు. పుల్లకి చుట్టిన దూదిని నాలుక మీద తడిపి, వందల ఏళ్ల నాటి వర్ణచిత్రంలోని చేప తోకని మెల్లగా తుడిచింది.

"ఉమ్మటం కాదు, శుభ్రం చెయ్యటం. పాత మురికి ఎంగిలికే వదులుతుంది. మా పనిలో అందరూ చేసేదే."

"అయ్యో. గుమ్మంలోంచి చూసి, ముందే డైరెక్టరుగారికి కంప్లైంట్ ఇచ్చేశానే."

"వెనక్కి తీసుకోండి."

తీసుకున్నాడు. మనసు మాత్రం ఆ గదిలోనే పారేసుకున్నాడు. అప్పట్నుంచీ ఏదో ఒక సాకుతో వచ్చి ఊపిరి సలపకుండా కబుర్లు చెప్పేవాడు. ఆమె ఊ కొడుతూ పని చేసుకునేది.

బొమ్మ నిండా చేపలు, క్యాబేజీలు, ఇత్తడి గిన్నెలు. వెనక మూల ఓ చిన్న గదిలో మసిబారిన ముగ్గురు మనుషులు. తాగొచ్చిన మొగుణ్ణి పెళ్లాం నిలదీస్తోందని గైడు టూరిస్టులకి ఎన్నాళ్లుగానో చెప్తున్నాడు.

మురికి వదిలాక చూస్తే, కూర్చున్నది యేసు. ఆయన పాదాల దగ్గర మరియ మాటలు వింటోంది. అక్క మార్త, చెల్లెలు పనంతా తన నెత్తినే పడేసిందని ఆయనకి ఫిర్యాదు చేస్తోంది.

"ఇన్నాళ్లూ ఆయన్ని తాగుబోతుని చేశానా?" గైడు తల పట్టుకున్నాడు.

"చేశారు." ఆమె మొదటిసారి నవ్వింది. "సాయంత్రం దీన్ని గోడకి ఎక్కిస్తారు. రేపు నేను ఇంకో ఊరి మ్యూజియానికి."

 ఇవాళ మనసులో మాట చెప్పకపోతే గైడు ఇక ఎప్పటికీ చెప్పలేడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"పని మాని తన మాటలు విన్న మరియే మంచిది ఎంచుకుందని యేసు అన్నాడు కదండీ," అన్నాడు.

"అన్నాడు. కానీ ఈ చిత్రకారుడు ముందు జాగా అంతా మార్త పనికే ఇచ్చాడు. ఇన్ని చేపలు ఎవరు కడగాలి? ఆమె గోడు వినేదెవరు? నా దగ్గరకీ ఒకాయన రోజూ వచ్చి మాట్లాడతారు. ఒక్కరోజూ నన్ను మాట్లాడనివ్వలేదు."

ఆ ఒకాయనెవరో గైడుకి తెలుసు. సిగ్గుతో గచ్చు మీద చతికిలబడ్డాడు.

"చెప్పండి. వింటాను."

ఆమె చెప్పింది. చేతులకి వదలని రసాయనాల వాసన, ఊరికో అద్దె గది, ఒక్కతే తినే భోజనం. బయట వాన మొదలైంది. టూరిస్టులు గుమ్మంలో పోగయ్యారు. బొమ్మలో ఉన్నదెవరని ఒకాయన అడిగితే, గైడు నోటి మీద వేలు వేసుకుని సైగ చేశాడు.

ఆమె ఆగాక అన్నాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. వెళ్లిపోతుంటే తట్టుకోలేకపోతున్నాను."

ఆ తర్వాత ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

ఆమె చేపల వైపే చూసింది. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఏ ఊళ్లో ఉన్నా ఆదివారాలు మా ఇంటికి వెళ్తుంటాను. ఈ వారం మీరూ రండి. నాన్న మిమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి కబుర్లు మొదలుపెడతారు."

"శ్రద్ధగా వింటానండీ."

"వద్దు. తిన్నగా వంటింట్లో నా దగ్గరకి వచ్చెయ్యండి."