తుమ్ము ఆకు

ఆదివారం పొద్దున్నే స్కేలమ్మ చెల్లెలింటికి వచ్చేసింది. వచ్చీ రాగానే హాల్లో టేబుల్ని గోడకి నెట్టి, నేల మీద తెల్ల దుప్పటి పరిచింది. టీ తాగమన్న చెల్లెల్ని "తర్వాత, తర్వాత" అని పక్కకు తప్పించి, సంచిలోంచి అట్టపెట్టె తీసింది. అందులో అమ్మ కుట్టిన ఇరవై ముక్కలున్నాయి.

స్కేలమ్మ అన్నది ముద్దుపేరు. ఏడేళ్ళప్పుడు గోడ మీద క్యాలెండరు వంకరగా ఉందని అన్నం ముందు నుంచి లేచిపోయిందట. అప్పుడు నాన్న పెట్టిన పేరు యాభై నాలుగేళ్ళొచ్చినా ఆమెను వదల్లేదు. పేరుకు తగ్గట్టే టైలరైంది. బజారులో సొంత షాపు, రెండు మిషన్లు. కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయిందంటే ఆ బట్ట ఆ రోజు షాపు గడప దాటదు.

అమ్మ ఏనాడూ మిషను ముట్టలేదు. ఏడాదికో చదరపు గుడ్డ ముక్క తీసుకుని, పెన్సిలుతో పువ్వు గీసుకుని, రంగు దారాలతో చేత్తో కుట్టేది. ఇరవై అయ్యాక అన్నీ కలిపి బొంత చేసి మీ నాన్నకి కప్పుతాననేది. ఇరవయ్యో పువ్వు అయింది. బొంత కాకుండానే పోయిన చలికాలంలో అమ్మ వెళ్ళిపోయింది. రెండు నెలల కిందట చెల్లెలు ఆ ముక్కలన్నీ అక్క చేతిలో పెట్టి, "నువ్వే కలపాలి. ఈ చలికి నాన్న మీద ఉండాలి" అంది.

నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కూతుళ్ళ హడావిడి చూస్తున్నాడు. గడియారాలు బాగుచేయడం మానేసి పదేళ్ళయినా, కంటికి బిగించుకునే చిన్న భూతద్దం ఇంకా చొక్కా జేబులోనే ఉంటుంది.

అక్కచెల్లెళ్ళు వరసకు నాలుగు చొప్పున ముక్కలు పేర్చసాగారు.

"ఎర్రవి పక్కపక్కన పెట్టకక్కా, కళ్ళు చెదురుతాయి."

"గుండీ కుట్టడం రాదు గానీ సలహాలకేం తక్కువ లేదు నీకు."

నవ్వుతూ చివరి వరసకొచ్చిన చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. "ఇవేంటి?"

"చివరి నాలుగు. ఇప్పుడు బాగున్నాయి కదా?" స్కేలమ్మ గర్వం దాచుకోలేకపోయింది. "గీత ఓ దారి, కుట్టు ఓ దారి, ఎలా ఉండేవో గుర్తుందిగా. మొత్తం విప్పేసి, అవే రంగులు వెతికి తెచ్చి, గీత మీదే మళ్ళీ కుట్టాను. పదిహేను రోజులు పట్టింది."

"విప్పేశావా."

"విప్పక? రేపు ఇంటికొచ్చినవాళ్ళు చూసి నవ్వితే? అమ్మ పని చూసి ఎవరూ నవ్వకూడదు."

"నన్నో మాట అడగాలనిపించలేదా నీకు?"

"ఇందులో అడగడానికేముంది? నేను టైలర్ని."

"నువ్వు టైలరువే. కానీ అమ్మ దగ్గరున్నది నేను." చెల్లెలు ఆ నాలుగు ముక్కల్నీ తన వైపు లాక్కుంది. "చివరి నాలుగేళ్ళూ అమ్మకి చూపు లేదక్కా. వెలుగో చీకటో తెలిసేది, అంతే."

స్కేలమ్మ నవ్వబోయింది. "ఏం మాటలవి? నేనొచ్చినప్పుడల్లా అద్దాలు పెట్టుకుని, ఈ రంగు నీకు బాగుందే అనేది."

"నువ్వొస్తున్నావని ఫోనొస్తేనే అద్దాలు పెట్టుకునేది. ఏ రంగు వేసుకొచ్చావో నేను లోపలికెళ్ళి చెవిలో చెప్పేదాన్ని. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చెబితే సూది లాక్కుంటావని భయం."

లాక్కునేదే. ఆ సంగతి స్కేలమ్మకీ తెలుసు. ఒకసారి అమ్మ ఓ ముక్క చూపించి ఎలా ఉందని అడిగింది. "కోడి కెలికినట్టుంది, ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తంటాలు" అని తేల్చేసింది తను. అమ్మ నవ్వి, ముక్కని మడిచి దిండు కింద పెట్టుకుంది. అది ఇప్పుడు గుర్తొచ్చి స్కేలమ్మ దుప్పటి మీద అలాగే కూలబడింది.

"మరి ఎలా కుట్టింది?" అంది.

చెల్లెలు నాన్న వైపు చూసింది. ఆయన చెయ్యి చాచి చివరి ముక్క అడిగి తీసుకున్నాడు. పువ్వు మీద వేలితో తడిమాడు.

"ఆకేదమ్మా?"

"ఇదిగో నాన్నా, కాడకే ఉంది."

"ఇది కాదు. విడిగా, దూరంగా పోయి ఉండాలి." ఆయన ముక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీత గీసిందీ, సూదిలో దారం ఎక్కించిందీ నేనే. నా చేతికి దొరకాలని లావు సూది కొనుక్కున్నాం. పక్కన కూర్చుని, కొంచెం ఎడమకి, కొంచెం పైకి అని చెబుతుంటే మీ అమ్మ కుట్టేది. ఒకరోజు ఎడమకి అంటూనే తుమ్మాను. ఉలిక్కిపడి ఎక్కడో గుచ్చేసింది. విప్పెయ్యమంటే వినదే. మీ తుమ్ముకి కూడా ఒక ఆకు ఉండనివ్వండి అంది. ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నాం."

నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ చివరికొచ్చేసరికి ముక్కని తిరగేసి, లేని ఆకు కోసం మళ్ళీ తడిమాడు.

స్కేలమ్మ బావురుమంది. "పాత దారం కూడా చెత్తబుట్టలో పారేశాను నాన్నా. ఇప్పుడెక్కణ్ణుంచి తేను?"

చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి టీ తెచ్చి, గ్లాసు ఠక్కున అక్క ముందు పెట్టింది. కోపం తీరలేదు, అలాగని అక్కని ఏడవనిచ్చి ఊరుకోనూ లేదు.

టీ చల్లారిపోయింది. స్కేలమ్మ కళ్ళు తుడుచుకుని, నాన్న ఒళ్ళోంచి ముక్క తీసి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. గుడ్డ ఏదైనా అలా చూడటం ఆమెకు అలవాటు. తన చక్కటి పువ్వు పక్కన సన్నగా వెలుగు చుక్కలు కనిపించాయి.

"నాన్నా, నీ అద్దం ఇవ్వు."

భూతద్దంలోంచి చూసింది. వంకరటింకరగా, ఒకదాని వెనక ఒకటి సూది కన్నాలు. అమ్మ లావు సూది చేసిన కన్నాలు.

"ఉన్నాయి," అంది. "ఎర్ర దారం రంగు దిగుతుందని నీళ్ళు తగలనివ్వలేదు, పొడి ఇస్త్రీయే చేశాను. తడిస్తే మూసుకుపోయేవి. చెల్లీ, అమ్మ సూది ఎక్కడుంది?"

చెల్లెలు సూది తెచ్చింది. అడగకుండానే దారం ఎక్కించి ఇచ్చింది కూడా. స్కేలమ్మ ఆ పూటే కూర్చుని నాలుగు ముక్కల్లోనూ తను వేసిన కుట్లు విప్పేసింది. అద్దంలోంచి చూస్తూ కుట్టబోతే చెయ్యి కుదరలేదు. అందుకని నాన్న కంటికి అద్దం బిగించుకుని పక్కకు జరిగాడు.

"కొంచెం ఎడమకి."

"అక్కడ గీత లేదు నాన్నా."

"గీతతో నీకేం పనే? కన్నం ఉంది, కుట్టు."

నలభై ఏళ్ళుగా సరిగ్గా పోవడానికి అలవాటుపడిన చెయ్యి ఆమెది. ప్రతి కుట్టుకీ ఎదురు తిరిగేది. మిషను మీద గంటలో అయ్యే పనికి నాలుగు ఆదివారాలు పట్టాయి. చివరి ముక్కలో చివరి ఆకు దగ్గర నాన్న ఆగాడు.

"ఇక్కడ నేను తుమ్మాలి. రావట్లేదు."

"పర్లేదు నాన్నా, నేను కుట్టేస్తా," అని స్కేలమ్మ కాడని వదిలేసి, రెండు వేళ్ళ దూరంలో పచ్చటి ఆకు వేసింది.

తర్వాత ముక్కలన్నీ కలిపి, మధ్యలో దూది పరిచి, అడుగున మెత్తటి గుడ్డ వేసి బొంత కుట్టింది. ఆ చివరి వరసని నాన్న గుండెల మీదికి వచ్చేటట్టు పెట్టింది. చలి మొదలైన వారం, మధ్యాహ్నం కునుకు తీస్తున్న ఆయన మీద అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకుని కప్పారు.

ఆయన కళ్ళు తెరవలేదు. వేళ్ళు మాత్రం బొంత మీద వెతుక్కుంటూ వెళ్ళి ఆకు దగ్గర ఆగాయి. మొహం విప్పారింది. బొంతని గడ్డం దాకా లాక్కున్నాడు. కొత్త దూది నుసి ముక్కులోకి పోయినట్టుంది, గట్టిగా తుమ్మాడు.

చెల్లెలు ముందు నవ్వింది. తర్వాత నాన్న. స్కేలమ్మ నవ్వుతూ నవ్వుతూ బొంత అంచులో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఈసారి చెల్లెలు టీ కోసం వెళ్ళలేదు. అక్క పక్కనే కూర్చుండిపోయింది.