మోకాళ్ళ మీద పదకొండుసార్లు

సోఫియా నగరంలో మా వీధి మలుపున, రదోస్తినా అనే పిల్ల నడిపే తాళాల దుకాణం నేలకింద ఉంది. దాని కిటికీ కాలిబాట మీదికి, మడమల ఎత్తున తెరుచుకుంటుంది. తాళంచెవి కావాలంటే ఎంతటివాడైనా మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. ఆ పిల్లకి మగవాళ్ళంతా ముందు బూట్లుగానే పరిచయం.

గురువారం పొద్దున పాలిష్ ఎరగని బూట్ల జతొకటి వచ్చి ఆగింది. తర్వాత మోకాళ్ళు, ఆపైన కంగారు ముఖం కిందికి దిగాయి. పేరు ఓగ్న్యన్, బడిలో భూగోళం చెబుతాడట. అతను అద్దెకున్న ఇంటావిడ స్తోయ్నా ఊరెళ్తూ సామానుగది చెవి అప్పగిస్తే పారేసుకున్నాడు. ఆదివారం ఆవిడ వచ్చేసరికి ఆ గది తెరుచుకోకపోతే ఇతను ఇల్లు ఖాళీ చెయ్యాలి. తాళం పగలగొట్టే వీల్లేదు, అది ఆవిడ మామగారి నాటిది.

“పటంలో దేశాలన్నీ దొరుకుతాయి గానీ జేబులో చెవి దొరకదన్నమాట,” అంది రదోస్తినా.

దుకాణంలో తనొక్కతే కాబట్టి వదిలి రాలేనంది. పళ్ళు కొయ్యని చెవిని కొవ్వొత్తి మంటలో మసిబార్చి ఇచ్చింది. తాళంలో పెట్టి గట్టిగా తిప్పితే అడ్డు తగిలినచోట మసి చెరిగి మెరుస్తుంది. ఆ మెరుపు తెచ్చి చూపిస్తే, అక్కడే ఆకురాయితో కాస్త అరగదీసి, మళ్ళీ మసి పట్టించి పంపుతుంది. ఎక్కువ అరిగితే చెవి చెత్తబుట్టకే.

అతను రెండు వీధులు పరిగెత్తి వెళ్ళేవాడు, పరిగెత్తి వచ్చి మోకరిల్లేవాడు. మూడోసారి మెరుపుకి బదులు వేలిముద్రలు తెచ్చాడు. తాళం తిప్పమన్నాను గానీ దాని నాడి చూడమన్నానా అందామె. ఐదోసారి వానలో మసంతా కడిగేసుకొచ్చాడు. తిట్టి, టీ ఇచ్చింది. ఆ టీ సంగతి వీధంతా చెప్పుకున్నాం, మాకు మాత్రం అంతకన్నా పనేముంది.

ఆదివారం మధ్యాహ్నం పదకొండోసారి వచ్చి, ఇంకా తిరగలేదన్నాడు.

ఆమె చెవిని వెలుగులో పెట్టింది. కొస మొత్తం నున్నగా మెరుస్తోంది. గడియ జరిగితే తప్ప అలా మెరవదు.

“ఇది తొమ్మిదోసారే తిరిగింది, మాస్టారూ. అప్పుడూ కొస ఇలాగే మెరిసింది.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “తెలిసీ ఎందుకు అరగదీశారు?”

“అరగదీయలేదు. ఉత్త మసి పట్టించి పంపాను.”

ఆపైన అతను, ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను కాబట్టి ఒక మాట అడుగుతానన్నాడు.

“ఇక్కడ అందరూ మోకాళ్ళ మీదే ఉంటారు. నిన్న మాంసం కొట్టాయన కూడా ఇలాగే కూర్చున్నాడు, గోడౌన్ చెవి కోసం. లేచి నిలబడి అడుగు.”

కిటికీలో ముఖం పోయి బూట్లు మిగిలాయి. వాటికి ఇవాళ పాలిష్ ఉంది. ఆమె తలుపు మూసి, మెట్లెక్కి పైకొచ్చింది.

“అనుకున్నదానికన్నా పొట్టిగా ఉన్నావు,” అంది. వెళ్ళిపోలేదు.

అతను అడగాల్సింది అడిగాడు. ఆలోచిస్తానంటూనే ఆమె అతని చేయి పట్టుకుంది. అప్పుడతను సంచిలోంచి ఎర్రమిరపకాయల పచ్చడి సీసా తీశాడు. స్తోయ్నా పొద్దున్నే ఊరినుంచి దిగి, అతని ప్యాంటు మోకాళ్ళు చూసి, వాటిని అరగదీసిన పిల్లకి ఇమ్మందట.

రుచి చూపిద్దామని మూత తిప్పబోయాడు. మూడుసార్లు తిప్పినా రాలేదు.

“ఇలా తే,” అంది రదోస్తినా.