బయటి వైపు గడియ

మొదటిసారి మోటార్‌హోమ్ కొనేవాళ్ళు ఇంజన్ కంటే ముందు గోడలు చూసుకోవాలని నాకు చెప్పింది ఫక్రుద్దీన్ భాయ్. వన్‌టౌన్‌లో ఆయనకి చిన్న వడ్రంగి షాపు ఉంది. ముప్పై ఏళ్ళు బస్సుల్లో సీట్లు బిగించి, ఇప్పుడు పడకా, వంటగట్టూ, బాత్రూమూ ఉన్న ఈ బళ్ళకి లోపలి చెక్కపని చేస్తున్నాడు.

"ఇంజన్ పోతే బాగుసేసుకోవచ్చమ్మా. గోడలోకి నీరు దిగితే మాత్రం బండి లోపల్నించి కుళ్ళిపోద్ది. పైకి తెలవదు," అన్నాడు.

నాకు ఆ బండి కావలసింది అమ్మ కోసం. మా అమ్మ జోగమ్మకి అరగంటకోసారి బాత్రూంకి వెళ్ళాలి. ఆ భయంతో తొమ్మిదేళ్ళుగా మధురవాడ దాటలేదు. "బాత్రూం మనతోనే వత్తాదంటే, నాను గోదారి సూత్తానే హేమా," అందో రోజు. ఆ మాట మీద నేను ఆఫీసు పని పక్కన పెట్టి సెకండ్‌హ్యాండ్ బళ్ళు వెతకడం మొదలుపెట్టాను.

నవంబరులో ఒక శనివారం, సన్నటి వాన పడుతుంటే, భీమిలి రోడ్డులో ఒక బండి చూడ్డానికి భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. జీడితోటల పక్కన ప్రహరీ కట్టిన స్థలం. రేకుల షెడ్డు కింద తెల్లటి వ్యాను, కడిగి తుడిచి ఉంది. యజమాని గవర్రాజుకి యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"మా ఆవిడ భ్రమరాంబ సరదాపడి కొనిపించింది మేడం. మే నెల్లో పోయింది. గుండె. ఇందులోనే పడుకుని మరి లెగలేదు. సూడలేక అమ్మీత్తన్నాను."

చావు సంగతి దాచకుండా చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టి, "తీరిగ్గా సూసుకోండి," అని గేటు దగ్గరకి వెళ్ళి ఫోను మాట్లాడుకుంటూ నిలబడ్డాడు.

భాయ్ ముందు చుట్టూ తిరిగి టైర్లు చూశాడు. వాటి మీద ముద్రించిన తేదీ చూడాలట, అరుగుదల కాదు. తర్వాత లోపలికి ఎక్కాం. మూసి ఉన్న అలమరా ప్రతిదీ తెరిచి వాసన చూడమన్నాడు. తడి ఉంటే ముక్కుకే తెలుస్తుందన్నాడు. నేను తెరిచి చూశాను. బూజు వాసన లేదు. ఎండలో రోజంతా ఆపిన కారు తలుపు తీస్తే వచ్చే వాసన... కాగిన రెగ్జిన్, కాగిన ప్లాస్టిక్. దాని అడుగున కొబ్బరినూనె, ఆడవాళ్ళ తలది.

"గోడ నొక్కి సూడండమ్మా. మెత్తగా దిగితే నీరున్నట్టు."

అరచెయ్యి ఆనించి నొక్కాను. గట్టిగానే ఉంది. కాని వెచ్చగా ఉంది. ఇంకాస్త తలుపు వైపు జరిగితే వేడి. తలుపు పక్కన, నా భుజం ఎత్తులో ఒకచోట, చెయ్యి పెట్టలేనంత కాలింది. బయట రేకుల మీద వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది.

భాయ్ కూడా చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేశాడు.

"ఆకరిది చీకటి పరీక్ష," అన్నాడు. "తలుపులూ తెరలూ అన్నీ మూసీసి కూకోవాలి. ఏడ సుక్క ఎలుగు కనబడితే ఆడ కన్నం ఉన్నట్టే. ఎలుగొచ్చే సోట నీరూ వత్తాది."

తలుపు వేశాం. నల్లటి తెరలు దించాం. ఒక్కసారిగా చిక్కటి చీకటి. వాన చప్పుడు ఎక్కడికో దూరం వెళ్ళిపోయింది. నేను బల్ల దగ్గర, ఆయన ఎదురుగా. కళ్ళు అలవాటు పడే దాకా కూర్చున్నాం.

తలుపు పక్కన నాలుగు చుక్కలు కనబడ్డాయి. సూదిమొనంత వెలుగు. ఒకదాని కింద ఒకటి.

"స్క్రూ కన్నాలు," భాయ్ గుసగుసగా అన్నాడు. "గడియ ఇప్పీసి, లప్పం పెట్టి రంగేశారు. లప్పం ఎండి పగిలింది. కాని... గడియ బయటకేసుందమ్మా. ఇంటికి ఏత్తారు గాని బండికి బయట గడియ ఎవుడేత్తాడు?"

నేను జవాబు చెప్పబోతుంటే పై చుక్క ఆరిపోయింది.

గవర్రాజు బయట వేలు పెట్టాడేమో అనుకున్నాను. రెండోది ఆరింది. మూడోది. నాలుగోది. ఆ వెంటనే గేటు దగ్గర్నించి, దూరంగా, ఫోనులో గవర్రాజు నవ్వు వినబడింది.

బయట ఎవరూ లేరు.

ఆ చుక్కలకీ మాకూ మధ్య ఏదో నిలబడింది. లోపల... మాతో.

ఊపిరి వినబడింది. ఎండిన గొంతులోంచి, గీరుకుంటూ, ఆగి ఆగి. నా చెంపకి వేడి తగిలింది.

"పన్నెండయిందా..."

"ఇంకా అవలేదమ్మా," అన్నాడు భాయ్. "పది నిమసాలుంది."

అడిగింది నేను కాదు.

ఆ మాట ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. కుర్చీ గీసుకున్న చప్పుడయింది. ఇద్దరం చీకట్లో తడుముకుంటూ తలుపు మీద పడ్డాం. పిడి తిప్పగానే తలుపు సుళువుగా తెరుచుకుంది. మాతో ఎవరికీ పని లేనట్టు.

వానలో నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాం. గవర్రాజు గొడుగు వేసుకుని వచ్చాడు.

"నచ్చిందా మేడం?"

"ఈ తలుపుకి బయట గడియెందుకు ఏశారు?" అని భాయ్ అడిగాడు.

అతని మొహంలో ఏమీ మారలేదు. "దొంగల బయం భాయ్. రెండు తాళాలుంటే మంచిది కదా." నా వైపు తిరిగాడు. "ఆర్‌సీ బుక్కు లోపల సొరుగులో ఉంది. తెత్తాను, కాగితాలు సూసుకోండి."

గొడుగు మడిచి లోపలికి ఎక్కాడు. తలుపు అతని వెనకాల మెల్లగా మూసుకుంది.

అప్పుడే ప్రహరీ అవతల నుంచి ఒక ముసలామె పిలిచింది. పక్క తోటలో కాపలా ఉండే గురువమ్మ. మేం గడియ గురించి అడగడం వినిందట.

"కొనకమ్మా," అంది మెల్లగా. "మాటకి మాట సెప్తే ఆడు పెళ్ళాన్ని అందులో తోసి గడేసేవోడు. గంట, రెండు గంటలు. మే నెల్లో ఓరోజు మిట్టమద్దేనం గడేసి, మరిసిపోయి భీమిలి ఎలిపోనాడు. పెళ్ళిబోజనానికి. అప్పటికి ఈ రేకులు లేవు. నాలుగు దాటేదాకా బండి ఎండలోనే ఉండిపోనాది."

"మీరు వినలేదా?" అన్నాను.

ఆమె కళ్ళు దించుకుంది. "తడతన్న సప్పుడు ఇన్నాను. ఎప్పుడూ ఉన్నదే అనుకున్నాను."

లోపల తట్టిన చప్పుడైంది.

"మేడం," గవర్రాజు గొంతు మర్యాదగానే ఉంది. "తలుపు పట్టీసింది. బయట్నించి కాస్త లాగండి."

భాయ్ వెళ్ళి పిడి పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి చెయ్యి చంకలో పెట్టుకున్నాడు. అరచేతి చర్మం కమిలిపోయింది. గాలికి షెడ్డులోకి కొట్టుకొచ్చిన వాన చినుకులు ఆ తలుపు మీద పడి సుయ్‌మంటూ ఆవిరవుతున్నాయి.

"తాళం తిప్పండమ్మా," అన్నాడు నాతో.

తాళంచెవి నా చేతిలో ఉంది. చల్లగా ఉంది.

"మేడం... ఉక్కగా ఉంది. తొరగా."

తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. గురువమ్మ గోడ మీద నుంచి నన్నే చూస్తోంది. తియ్యమనలేదు, వద్దనలేదు. తట్టడం బాదడంగా మారింది. తర్వాత అతను ఎవరితోనో మాట్లాడాడు. నాతో కాదు. "నాను మరిసిపోనాను... ఒట్టు... మరిసిపోనాను బ్రమరా..." తర్వాత గోళ్ళతో గీకే చప్పుడు. ఆ నాలుగు కన్నాలూ ఉన్న చోటే.

నేను తాళం తిప్పలేదు.

భయపడి కాదు. పోలీసులకి తాళం తిరగలేదని చెప్పాను, అది అబద్ధం. ఆ పది నిమిషాలూ నాకు భయం లేదు. భ్రమరాంబ ఈ తలుపు బాదిన ఆ మే నెల మధ్యాహ్నమే నాకు గుర్తొస్తోంది. బయట మనిషి వినీ తియ్యకపోతే లోపల ఎలా ఉంటుందో అతనికి తెలియాలనిపించింది. అంతే.

చప్పుడు ఆగాక తిప్పాను. తలుపు మామూలుగా తెరుచుకుంది. లోపల్నించి చల్లగాలి వచ్చింది.

గవర్రాజు మెట్టు మీద కూలబడి ఉన్నాడు. చొక్కా చించుకున్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. పది వేళ్ళకీ గోళ్ళు లేవు.

వడదెబ్బతో పోయాడన్నాడు డాక్టరు. మూడుసార్లు అడిగాడు, ఎంతసేపు ఉన్నాడని. పది నిమిషాలంటే నమ్మలేదు. నాలుగైదు గంటలు నీళ్ళు లేకుండా ఎండలో మగ్గితేగాని మనిషి అలా అవడట. ఆ రోజు భీమిలిలో పొద్దున్నించీ సూర్యుడే లేడు.

తలుపు పట్టేసిందనే రాసుకున్నారు. భాయ్ నేను చెప్పినదానికి తలూపాడు. తర్వాత మళ్ళీ నా ఫోను ఎత్తలేదు. అమ్మకి బండి బాగోలేదని చెప్పాను. ఆమె రెండోసారి అడగలేదు.

మూడు వారాల తర్వాత ఎస్సై ఇంటికి వచ్చాడు. చనిపోయినతని ఫోను వివరాలు తెప్పించారట.

"ఆకరి కాల్ మీకే ఉందండి. పన్నెండు దాటిన నాలుగు నిమిషాలకి. మీరు ఎత్తారు. నాలుగు గంటల పది నిమిషాలు మాట్లాడారు." కాగితం మళ్ళీ చూసుకున్నాడు. "పన్నెండుంపావుకే అతను పోయాడు. ఒంటిగంటకి ఫోను సంచిలో ఏసి మేవే సీలు ఏశాం. మరి అంతసేపు ఏటి మాట్లాడారు?"

నా ఫోను తీసి చూశాను. నిజమే. అతని నంబరు, అదే సమయం. ఆ రోజంతా నేను దాన్ని చేతిసంచిలోంచి తియ్యలేదు.

తెలీదని చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఎస్సైకి చెప్పలేదు. అతను పోయిన మర్నాడు పొద్దున్న లేచేసరికి నాకు గొంతు పూర్తిగా పోయింది. గంటలకొద్దీ, ఆపకుండా, ఎవరికో ఏదో చెప్పినట్టు.