దిష్టి పలక

సాన మీద రాయి కీచుమంది. పేరిందేవి పట్టుకారు ఎత్తి, రాయిని దీపానికి అడ్డంపెట్టి చూసి, మళ్ళీ ఆన్చింది. తిరిగే ఇనప చక్రం, దాని మీద నూనె, నూనెలో వజ్రపు పొడి. ఈ ఆఖరి పలక, రాయి ఆఖరి ముఖం, అరిగేదాకా నేలడుగున ఉన్న అడుగూరుకి పొద్దు పొడవదు.

పాత పంపకపు రాయి చిట్లిన దగ్గర్నుంచి, ఆకాశబావిలో దిగే ఎండని ఎనిమిది వీధులకి పంచే దిక్కు లేకుండా పోయింది. ఎండంతా బావి అడుగునే మడుగు కట్టి పడి ఉంది. వీధుల్లో జనం బ్యాటరీ దీపాల దయ మీద బతుకుతున్నారు, ఆ దీపాలూ ఇవాళో రేపో అన్నట్టున్నాయి. పూర్వం పైలోకంలో కరెంటు కోత ఉండేదట. అడుగూరుకి కాంతి కోత వచ్చింది. ఆ కోత తీరాలంటే ఈ వజ్రం కోత పూర్తవ్వాలి. రెండు కోతల మధ్య పేరిందేవికి సొంతంగా మూడోది ఒకటుంది, గుండెకోత.

ఆరో వీధి ఆసుపత్రిలో ఆమె మనవరాలు, ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డు, పసికామెర్లతో పసుపు ముద్దలా పడి ఉంది. రాళ్ళు కోసే ఇంట్లో పుట్టింది కదా, పుట్టగానే పుష్యరాగం రంగు తేలిందని మొదట నవ్వింది పేరిందేవే.

గోడలోని మాటగొట్టం ఈల వేసింది. ఆసుపత్రి నర్సు శౌరమ్మ.

"పిన్నీ, పిల్ల పాలు పట్టట్లేదు. పచ్చదనం పాదాలదాకా దిగింది."

"నీలి దీపం కింద పెట్టండే!"

"అది మాడిపోయి ఎన్నాళ్ళయింది? పైనుంచి సామాను రావట్లేదని నీకు తెలవదా?"

"రాయి ఎక్కంగానే మీ వీధికి ఎండొస్తదిగా."

"తెల్లెండ పిన్నీ. దీనికి సరిపడా తెల్లెండ పోస్తే పసి ఒళ్ళు కమిలిపోద్ది. నీలం ఒక్కటే గావాల. మెదడుకెక్కిందంటే... నీ కూతురు ఏడవట్లేదు పిన్నీ. అదే నాకు భయంగా ఉంది."

పేరిందేవి గొట్టానికి మూత పెట్టింది. రాయిని మళ్ళీ సానకి ఆన్చింది. ఏడవడానికి కూడా తీరిక లేని పని ఆమెది.

వజ్రానికి రెండు అందాలు. పైభాగం వాలు తగ్గించి కోస్తే తెల్లటి తళుకు. వాలు పెంచి కోస్తే ఆ తెలుపే చీలి ఎర్రగా, పచ్చగా, నీలంగా నిప్పులు కక్కుతుంది. తల్లి దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో పేరిందేవికి నిప్పంటేనే పిచ్చి. కానీ పంపకాలు చూసే సమదర్శి యంత్రానికి రంగు పడదు. దాని లెక్కలో రంగంటే కారిపోయిన కాంతి. దానికి కావలసింది తెలుపు, అదీ ఎనిమిది సమాన బాణాలుగా.

పలక పూర్తయింది. తనిఖీదారు బుచ్చిలింగం రాయిని తీసి పరీక్ష దీపం ముందు నిలిపాడు. తెల్లగోడ మీద ఎనిమిది బాణాలు విచ్చుకున్నాయి. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు.

"సమానం," అంది గోడలోంచి సమదర్శి. "ముద్ర వేయడమైనది. బావికి ఎక్కించవచ్చును." పరీక్ష అయిందని గోడలో దాని చెవిగొట్టం మూసుకుంది.

బుచ్చిలింగం గోడ దగ్గరికి జరిగి చూశాడు. "అక్కా, ఇంత అందమేందే! దిష్టి తగులుద్ది. ఎనకటోళ్ళయితే రాయి నడుం అంచున, నడికట్టు పైన, చిన్న దిష్టి పలక కొట్టేవోళ్ళు, పాప బుగ్గన చుక్క పెట్టినట్టు. ఈ యంత్రం వచ్చి మాన్పించింది గానీ."

"ఎందుకు మాన్పించింది?"

"ఆ పలకలోంచి రంగు జారుద్దని..."

పేరిందేవి కళ్ళు గోడ మీద ఆరో బాణం పక్కన నిలిచిపోయి ఉన్నాయి.

ఎక్కించే ముందు రాయిని కోసినవాళ్ళే కొంగుతో తుడవడం ఆనవాయితీ. ఆమె తుడిచింది. తుడిచి, పట్టుకారుకి బిగించి, సాన తిప్పింది.

"అక్కా! ముద్ర పడ్డాక ముట్టుకోమాక!"

"యంత్రానికి చెప్తావా?"

"చెప్పకపోతే నా ముఖం యాడ పెట్టుకోను?"

"ఈ రాయికి బోలెడు ముఖాలున్నయ్. ఒకటి అరువు తీసుకో."

బుచ్చిలింగానికి నవ్వు రాలేదు. "ఇంకో రాయి లేదక్కా. ఎనిమిది వీధుల ఎండలోంచి చిటికెడు చిటికెడు లాగుద్ది అది. ఒక్క పిల్ల కోసం!"

"ఆ లెక్క నాకూ వచ్చు లింగా. తప్పని తెలిసే చేస్తున్నా. చెయ్యి పట్టుకుని ఆపు."

అతను ఆపలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సాన ఒక్కసారి కీచుమంది.

రాయి బావికి ఎక్కింది. ఎనిమిది వీధుల్లో పొద్దు పొడిచింది, కాని రవ్వంత వెలవెలబోతూ. ఆరో వీధి బాణం పక్కనుంచి మాత్రం బెత్తెడు నీలిచార విడివడి, ఆసుపత్రి కిటికీలో దూరింది. అడుగూళ్ళో ఈ తరంవాళ్ళు ఎండకి రంగుంటుందని చూడటం అదే మొదలు.

గొట్టం ఈల వేసింది. "పిన్నీ! పిల్ల ఒళ్ళంతా నీలి ఎండ పడింది! దక్కుద్దో లేదో చెప్పలేను గానీ, పడింది!"

పేరిందేవి సాన ముందు కూర్చుని చక్రం మీది నూనె తుడిచింది.

"అసమానత," అంది సమదర్శి. "ప్రతి వీధికీ వెలుగు తగ్గినది. కారకులు ఎవరు?"

"నేనే," అంది పేరిందేవి.

యంత్రం శిక్ష చెప్పేలోపు ఇంకో ఈల. మూడో వీధి నుంచి ఎవరిదో ఆడగొంతు: "రాళ్ళమ్మా, మా అత్తకి ఎముకలు మెత్తబడి మంచం దిగట్లేదు. మా వంకకీ ఓ పలక కొట్టమ్మా." వెనకే ఏడో వీధి. దాని మీద పడి ఒకటో వీధి. గోడలోని గొట్టాలన్నీ ఒకేసారి ఈలలు వేస్తున్నాయి. బుచ్చిలింగం చెవులు మూసుకున్నాడు.

చివరికి సమదర్శి గొంతులో ఇదివరకెన్నడూ లేని నసుగుడు వినపడింది.

"పేరిందేవి గారూ... ముందు ఎవరికి?"

పైనున్న రాయి ఇంకెన్ని కోతలు ఓర్చుకుంటుందో, ఎవరి ఎండ తీసి ఎవరికి పెట్టాలో, ఏదీ ఆమెకి తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, దగ్గర్లో ఉన్న మూడో వీధి గొట్టం మూత తీసింది.

"చెప్పమ్మా," అంది. "మీ అత్త కిటికీకి ఏ పక్కన పడుకుంటది?"